గోల్డ్‌ఫిష్ తొట్టిలో ఉప్పు: ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి

గోల్డ్‌ఫిష్ కొన్నప్పుడు దుకాణదారు చేపల సంచితో పాటు ఒక సలహా కూడా ఇస్తాడు: నీళ్లు మార్చినప్పుడల్లా గుప్పెడు కల్లుప్పు వేయమని. ఎవరి గుప్పెడు, ఎంత తొట్టికి, ఏ ఊరి నీటికి అన్నది ఆ సలహాలో ఉండదు. గోదావరి డెల్టాలో ఆ మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్లిన తియ్యటి నీరు తాగే ఊళ్లున్నాయి. మొగల్తూరు, అంతర్వేది వైపు బోరు వేస్తే ఉప్పు నీరు పడే ఊళ్లూ ఉన్నాయి. రెండు చోట్లా ఒకే గుప్పెడు వేస్తే ఒక తొట్టిలో చేప తేరుకోవచ్చు, రెండో తొట్టిలో నీరసించి అడుగున పడుకోవచ్చు. అందుకే ఉప్పు పొట్లం విప్పే ముందు మీ నీళ్లలో ఇప్పటికే ఏముందో తెలుసుకోండి. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఏ లవణం ఏ పని చేస్తుంది

తొట్టిలో వేసే లవణాలు ప్రధానంగా మూడు రకాలు. ఒకటి చేసే పని మరొకటి చేయదు.

మొదటిది మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్. మంచినీటి చేప ఒంట్లోని ద్రవాలు చుట్టూ ఉన్న నీటికంటే చాలా ఉప్పగా ఉంటాయి. దాంతో మొప్పల గుండా నీరు నిరంతరం లోపలికి చొరబడుతూ ఉంటుంది, ఒంట్లోని లవణాలు బయటికి జారిపోతూ ఉంటాయి. ఆ నీటిని మూత్రంగా బయటికి తోడడానికి, పోయిన లవణాలను మొప్పల ద్వారా తిరిగి పీల్చుకోవడానికి చేప రోజంతా శక్తి ఖర్చు పెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేపకు ఇది భారం కాదు. ప్రయాణంలో అలసిన చేపకు, గాయపడిన చేపకు, చర్మం మీద పరాన్నజీవులు పట్టిన చేపకు భారమే. అప్పుడు నీటిలో కొద్దిగా ఉప్పు ఉంటే లోపలికీ బయటికీ తేడా తగ్గి చేపకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

రెండోది వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేట్. ఇది నీటి ఆల్కలినిటీని పెంచుతుంది. పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె, ఉన్నట్టుండి పడిపోకుండా కాపాడేది ఆల్కలినిటీయే. చేపల చెరువులు చేసే ఇళ్లలో ఈ మాట అందరికీ తెలుసు. గోల్డ్‌ఫిష్ కూడా శీలావతి, బొచ్చెల కుటుంబానికి చెందినదే. నీటి విషయంలో వాటి ఇష్టాలు చాలావరకు కలుస్తాయి.

మూడోది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీటి కాఠిన్యం వీటి నుంచే వస్తుంది. ఎముకలకు, పొలుసులకు, మొప్పలు సరిగా పనిచేయడానికి ఇవి కావాలి. కల్లుప్పు ఎంత వేసినా కాఠిన్యం చెప్పుకోదగినంత పెరగదు, ఆల్కలినిటీ కదలదు. పీహెచ్ పడిపోతున్న తొట్టిలో గుప్పెళ్ల కొద్దీ ఉప్పు పోయడం వల్ల ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదే.

ముందుగా తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో లెక్క కట్టండి

మన దగ్గర తొట్లను అడుగుల్లోనే కొంటాం. పొడవు, వెడల్పు, ఎత్తులను అడుగుల్లో గుణించి, వచ్చిన దాన్ని 28.3తో హెచ్చించండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో అంచు దాకా నింపితే సుమారు 57 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అసలు నీరు 45 లీటర్ల దగ్గర ఉంటుంది. మోతాదు ఎప్పుడూ ఈ అసలు నీటికే. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, తొట్టిని మొదటిసారి నింపేటప్పుడే కొలత తెలిసిన బకెట్‌తో పోసి, ఆ అంకెను తొట్టి పక్కన కాగితం మీద రాసి అతికించడం.

ఉప్పును కూడా చెంచాలతో కాక తూకంతో వేయండి. కల్లుప్పు రాళ్ల పరిమాణాన్ని బట్టి ఒకే చెంచాలో పట్టే బరువు మారిపోతుంది. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు.

మీ నీళ్లలో ఏముందో చూడండి

శుద్ధి చేసిన నీటి టిన్నులు కొనే అలవాటు పెరిగాక చాలా ఇళ్లలో టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే పరికరం, కనిపిస్తోంది. దానితో మొదలుపెట్టండి. కుళాయి నీరు, బోరు నీరు, టిన్ను నీరు విడివిడిగా కొలిచి రాసుకోండి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు; వేరే నీటి వసతి లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తుంది. మీ బోరు 1500 చూపిస్తే లీటరుకు ఒకటిన్నర గ్రాముల లవణాలు ఇప్పటికే ఉన్నాయన్నమాట. తీరానికి దగ్గర ఊళ్లలో ఇందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పే కావడానికి అవకాశం ఉంది. అలాంటి నీటిలో దుకాణదారు చెప్పిన గుప్పెడు అవసరం లేదు.

అయితే టీడీఎస్ మీటరు మొత్తం ఎంతో చెబుతుంది, ఏ లవణం ఎంతో చెప్పదు. 600 చూపించిన నీటిలో ఆల్కలినిటీ బాగా ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. దీనికి డెల్టాలో ఉన్నంత సౌకర్యం మరెక్కడా లేదనే చెప్పాలి. భీమవరం, ఆకివీడు, కైకలూరు లాంటి చోట్ల రొయ్యల, చేపల రైతుల కోసం నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లు ఉన్నాయి. శుభ్రమైన సీసాను అదే నీటితో కడిగి, నిండుగా పట్టి, మూత బిగించి ఆ రోజే ఇవ్వండి. పీహెచ్, ఆల్కలినిటీ, కాఠిన్యం, సెలినిటీ (ఉప్పదనం), అమ్మోనియా, నైట్రైట్ అడగండి. గోల్డ్‌ఫిష్‌కు పీహెచ్ 7 నుంచి 8 లోపు, ఆల్కలినిటీ 80 నుంచి 150, కాఠిన్యం 100 నుంచి 250 మధ్య ఉంటే మీరు ఏమీ కలపక్కర్లేదు. చివరి రెండు అంకెలూ లీటరుకు మిల్లీగ్రాముల్లో, అంటే రైతులు పీపీఎం అనే లెక్కలో. మీ నీరు ఈ హద్దుల్లో ఉంటే ఖనిజాల విషయం ఇంతటితో వదిలేసి నేరుగా మామూలు ఉప్పు దగ్గరికి వెళ్లండి.

ఇంకొక మాట. కాలువలకు వేసవిలో నీరు కట్టేసినప్పుడు చెరువుల్లో నిల్వ చేసిన నీటిని సరఫరా చేసే ఊళ్లున్నాయి. కొన్ని ఇళ్లలో ఆ నెలల్లో బోరు మీద ఆధారపడతారు. ఫిబ్రవరిలో చేసిన పరీక్ష మే నెలకు పనికిరాదు. నీటి వనరు మారినప్పుడల్లా మళ్లీ చూడాల్సిందే.

క్లోరిన్ పోయిన తర్వాతే ఏదైనా

పంచాయతీ, మున్సిపాలిటీ నీటిలో బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. వెడల్పాటి టబ్బులో పోసి, గాలి మోటారు పెట్టి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. తొందరైతే దుకాణాల్లో దొరికే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, పొట్లం మీద రాసిన మోతాదులో వేయండి. ఉప్పు క్లోరిన్‌కు విరుగుడు కాదు.

నీరు మరీ పలచగా ఉంటే

ఆర్వో టిన్ను నీటితోనే తొట్టి నింపేవారికి, వాన నీరు పట్టి పోసేవారికి ఈ భాగం అవసరం. ఈ రెంటిలోనూ ఆల్కలినిటీ దాదాపు ఉండదు. గోల్డ్‌ఫిష్ తిండి ఎక్కువ తిని, వ్యర్థాలు ఎక్కువ వదిలే చేప. ఆ అమ్మోనియాను ఫిల్టర్‌లోని బాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆల్కలినిటీ ఖర్చవుతుంది: ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 గ్రాములు. నీటిలో నిల్వే లేకపోతే కొద్ది రోజుల్లో పీహెచ్ జారిపోతుంది, బాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. నీళ్లు అద్దంలా తేటగా ఉండగానే చేపలు నీరసించే తొట్లలో ఇదొక ప్రధాన కారణం.

నేను మొదట సూచించేది ఏ లవణమూ కొననక్కర్లేని మార్గం. క్లోరిన్ పోయిన కుళాయి నీటిని, లేదా మరీ ఉప్పగా లేని బోరు నీటిని టిన్ను నీటితో కలపండి. బోరు నీటి కాఠిన్యం 400, టిన్ను నీటిది 20 అనుకుంటే సగం సగం కలిపితే 210 వస్తుంది. ఆల్కలినిటీ లెక్క కూడా ఇలాగే. ప్రకృతిలోంచి వచ్చిన ఖనిజాల కలయిక పొట్లాలతో మనం తయారు చేసేదానికంటే నిలకడగా ఉంటుంది.

అది కుదరనప్పుడు, 100 లీటర్ల టిన్ను నీటికి ఈ లెక్క: వంట సోడా 10 గ్రాములు వేస్తే ఆల్కలినిటీ సుమారు 60 పెరుగుతుంది. మెగ్నీషియం సల్ఫేట్, అంటే మందుల దుకాణంలో ఎప్సమ్ సాల్ట్‌గా దొరికే భేది ఉప్పు, 5 గ్రాములు వేస్తే కాఠిన్యం సుమారు 20 పెరుగుతుంది. కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 10 గ్రాములు వేస్తే మరో 68 పెరుగుతుంది. తొట్టి చిన్నదైతే ఆ నిష్పత్తిలో తగ్గించండి.

కాల్షియం క్లోరైడ్‌నూ వంట సోడానూ ఒకే గ్లాసులో కలపకండి. రెండూ చిక్కటి ద్రావణాలుగా కలిస్తే తెల్లటి సున్నపురాయి పొడిగా విరిగి అడుగున పేరుకుంటుంది, నీటికి దక్కదు. ఒక్కొక్క దాన్ని వేరుగా లీటరు నీటిలో కరిగించి, ఒకటి పోసి, అది తొట్టి అంతా తిరిగాక రెండోది పోయాలి. చేపలు ఉన్న తొట్టిలో అయితే వంట సోడాను ఒక్క రోజులో 100 లీటర్లకు 5 గ్రాములు మించి వేయవద్దు. మిగతాది మర్నాడు.

వంట సోడా వేసే ముందు అమ్మోనియా పరీక్ష తప్పనిసరి. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు పది రెట్లవుతుంది. నీరు వెచ్చగా ఉన్న కొద్దీ ఇంకా ఎక్కువ. మన మే నెల నీటిలో అమ్మోనియా ఉండగా సోడా వేయడమంటే చేపకు విషం పెట్టడమే. అమ్మోనియా కనిపిస్తే మొదట పావు వంతు నీళ్లు మార్చండి, తిండి ఒకటి రెండు రోజులు ఆపండి. అమ్మోనియా తగ్గాక సోడా సంగతి చూడండి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాల్సిన హెచ్చరికలు కొన్ని ఉన్నాయి. చెరువుల్లో సున్నం చల్లడం చూసి అలవాటైన కళ్లకు తొట్టిలోనూ చిటికెడు సున్నం వేద్దామనిపిస్తుంది. ఎకరాల నీటికి, మట్టి అడుగుకు ఉద్దేశించిన ఆ పదార్థం 50 లీటర్ల గాజుతొట్టిలో పీహెచ్‌ను చేప తట్టుకోలేనంత పైకి ఎగదోస్తుంది. కాల్చిన సున్నం, తడిపిన సున్నం, గుల్ల సున్నం ఏదీ వద్దు. అలాగే చాకలి సోడా వంట సోడాకు బదులు కాదు. ఇక రొయ్యల చెరువుల కోసం అమ్మే మినరల్ మిక్స్ ఇంట్లో మిగిలి ఉందని వేయకండి. దాని పాళ్లు వనామీ రొయ్య అవసరాలకు కూర్చినవి.

మామూలు ఉప్పు: ఎప్పుడు, ఎంత

రోజూ, ఎల్లకాలం ఉప్పు ఉండే తొట్టి గోల్డ్‌ఫిష్‌కు అవసరం లేదు. ఇది మంచినీటి చేప. ఎప్పుడూ ఉప్పులో ఉంటే కొన్ని పరాన్నజీవులు దానికి అలవాటుపడతాయి, అసలు అవసరం వచ్చినప్పుడు ఉప్పు పనిచేయకుండా పోతుంది. నా దృష్టిలో ఉప్పుకు తగిన సందర్భాలు మూడే.

కొత్త చేపను ఇంటికి తెచ్చినప్పుడు. వేరే టబ్బులో గాలి మోటారు పెట్టి, లీటరుకు 1 గ్రాము ఉప్పుతో కొన్నాళ్లు ఉంచండి. ప్రయాణపు అలసట తగ్గుతుంది, జబ్బు ఉంటే పెద్ద తొట్టికి చేరకముందే బయటపడుతుంది.

నైట్రైట్ పెరిగినప్పుడు. అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో మధ్యలో ఏర్పడేదే నైట్రైట్. కొత్త తొట్టిలో, ఫిల్టర్‌ను కుళాయి నీటితో శుభ్రంగా కడిగేసిన తొట్టిలో ఇది జరుగుతుంది. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి రక్తాన్ని గోధుమ రంగుకు మారుస్తుంది, ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు. గాలి మోటారు తిరుగుతున్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీపడి దాన్ని లోపలికి పోనివ్వదు. దీనికి కావలసిన ఉప్పు చాలా తక్కువ. పది లీటర్లకు 1 గ్రాము వేస్తే లీటరుకు సుమారు 60 మిల్లీగ్రాముల క్లోరైడ్ వస్తుంది. నైట్రైట్‌కు కనీసం పది రెట్లు క్లోరైడ్ ఉండాలన్న లెక్క ప్రకారం 6 మిల్లీగ్రాముల నైట్రైట్ దాకా ఇది రక్ష. నోటికి ఉప్పు తగిలే బోరు నీటిలో ఈ క్లోరైడ్ ఎలాగూ ఉంటుంది, అక్కడ ఇదీ వేయనక్కర్లేదు. ఉప్పు నైట్రైట్‌ను తీసేయదు కాబట్టి నీళ్లు మార్చడం మాత్రం ఆపకండి.

తెల్లమచ్చ జబ్బు పట్టినప్పుడు. రెక్కల మీద, ఒంటి మీద ఉప్పు రవ్వలు అంటినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. మొదట లీటరుకు 1 గ్రాము వేయండి. పన్నెండు గంటల తర్వాత మరో గ్రాము, ఇంకో పన్నెండు గంటలకు మూడో గ్రాము. మొత్తం లీటరుకు 3 గ్రాములు, అంటే 0.3 శాతం దగ్గర ఆపండి. మచ్చలు పోయాక కూడా పది రోజులు, అవసరమైతే రెండు వారాలు అలాగే ఉంచాలి. చేప ఒంటి మీద ఉన్న దశలో ఈ పరాన్నజీవిని ఉప్పు తాకలేదు. అది ఒంటిని వదిలి, అడుగున చేరి, పిల్లలు నీటిలో ఈదులాడే దశలోనే చస్తుంది. మన వేసవి వేడికి ఈ చక్రం త్వరగా తిరుగుతుంది. మగ గోల్డ్‌ఫిష్‌ల చెంపల మీద ఈడు వచ్చినప్పుడు వరుసగా కనిపించే తెల్లటి పొక్కులు జబ్బు కాదు. వాటిని చూసి కంగారుపడి ఉప్పు వేయకండి.

చేప పేను, అంటే ఆర్గులస్, కంటికి కనిపించే జీవి. దీనికి ఈ మోతాదు ఉప్పు చాలదు. చెరువుల్లో పేనుకు వాడే పురుగుమందులను ఇంటి తొట్టిలో అందాజుగా వేయడం అన్నిటికంటే ప్రమాదం. పేనును పట్టకారుతో తీయించి, చేపల వైద్యం తెలిసిన వారిని అడగండి.

వేసే ముందు తీసేయాల్సినవి

తొట్టి నుంచి మొక్కలను తీయండి. కాలువలోంచి తెచ్చిన నాచు, అంతరతామర లీటరుకు గ్రాము ఉప్పుకే వాడిపోవచ్చు. కుళ్లిన మొక్క మళ్లీ అమ్మోనియానే ఇస్తుంది.

ఫిల్టర్‌లో జియోలైట్ రాళ్లు ఉంటే ఉప్పు వేసే ముందు తప్పకుండా తీసేయండి. చెరువుల మందుల దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది కాబట్టి మన దగ్గర చాలామంది వాడతారు. జియోలైట్ అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. ఉప్పు తగిలిన వెంటనే సోడియంను పట్టుకుని అమ్మోనియాను నీటిలోకి వదిలేస్తుంది. ఉప్పు వేసిన కొద్ది గంటల్లో చేపలు గిలగిల్లాడితే, నింద ఉప్పు మీద వేసే ముందు ఫిల్టర్ తెరిచి చూడండి.

ఏ ఉప్పు, ఎలా పోయాలి

నౌపడ, చినగంజాం లాంటి ఉప్పుమళ్ల నుంచి వచ్చే మామూలు కల్లుప్పు మంచిది. ఇంకేమీ కలపనిది ఎంచుకోండి. గులాబీ రంగు ఖరీదైన ఉప్పు వల్ల చేపకు అదనపు మేలు లేదు. అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు గురించి ఉన్న భయం చాలావరకు అనవసరం. అందులోని అయోడిన్ కిలోకు 15 నుంచి 30 మిల్లీగ్రాములు. లీటరుకు గ్రాము ఉప్పు వేస్తే నీటిలో చేరేది 0.03 మిల్లీగ్రాములకు మించదు. గడ్డకట్టకుండా కలిపే పదార్థాల వల్ల దాన్ని అలవాటుగా వాడమని చెప్పను గానీ, రాత్రివేళ నైట్రైట్‌తో చేప కొట్టుకుంటుంటే వంటింట్లో ఉన్నదే వేయండి.

తూచిన ఉప్పును తొట్టి నీళ్లే తీసిన బకెట్‌లో పూర్తిగా కరిగించండి. కల్లుప్పులో మట్టి ఉంటుంది కాబట్టి పల్చటి గుడ్డలో వడగట్టండి. ఆ నీటిని ఫిల్టర్ నీరు పడే చోట, అరగంట సేపు, కొద్దికొద్దిగా పోయండి. రాళ్లను నేరుగా తొట్టిలో వేస్తే అడుగున పడుకున్న చేప వాటి మీద వాలి ఒళ్లు కాల్చుకుంటుంది. పోయడం అయ్యాక గంట ఆగి టీడీఎస్ చూడండి: లీటరుకు గ్రాము వేస్తే మీటరు ముందున్న అంకె కంటే సుమారు వెయ్యి పెరగాలి. అంతకంటే బాగా ఎక్కువ పెరిగితే తొట్టి లీటర్ల లెక్క తప్పింది.

ఆ తర్వాత ఒక గంట చేపను గమనించండి. తల్లకిందులైనా, మొప్పలు విపరీతంగా ఆడించినా పావు వంతు నీళ్లు తీసి ఉప్పు లేని నీరు పోయండి. వేసవిలో కరెంటు పోయే వేళల్లో ఈ పని పెట్టుకోకండి. వెచ్చటి నీటిలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువ, గాలి మోటారు ఆగకూడదు.

లెక్క నిలుపుకోవడం

నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరవదు. మే నెలలో ఫ్యాను కింద ఉన్న తొట్టిలో వారానికి రెండు మూడు వేళ్ల నీరు తగ్గిపోవచ్చు. ఆ లోటును ఉప్పు లేని నీటితో, వీలైతే టిన్ను నీటితో నింపండి. ప్రతి నింపుడుకూ ఉప్పు వేసేవారి తొట్టి నెల తిరిగేసరికి ఉప్పుటేరు అవుతుంది. నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రమే, తీసిన భాగానికి సరిపడా ఉప్పు కలపాలి: 100 లీటర్ల తొట్టిలో 25 లీటర్లు మారిస్తే 25 లీటర్లకే. వేసిన తేదీ, గ్రాములు, మీటరు అంకె ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇంట్లో ఇద్దరు చేపలను చూసుకుంటుంటే ఈ పుస్తకం లేకుండా ఉప్పు రెండుసార్లు పడడం ఖాయం.

చికిత్స అయ్యాక ఉప్పును ఒక్కసారిగా తీసేయకండి. రెండు మూడు రోజులకోసారి పావు వంతు నీటిని ఉప్పు లేని నీటితో మార్చండి. అలా నాలుగుసార్లు మార్చాక మొదటి ఉప్పులో మూడో వంతు మిగులుతుంది. మీటరు మీ కుళాయి నీటి అంకెకు దగ్గరయ్యాక మొక్కలను, జియోలైట్‌ను తిరిగి పెట్టుకోవచ్చు. పాత జియోలైట్‌ను ఉప్పునీటిలో ఒక రాత్రి నానబెట్టి, బాగా కడిగి ఎండబెడితే మళ్లీ పనికివస్తుంది.

మామూలు రోజుల్లో తొట్టి నుంచి తీసిన నీరు మల్లె, కరివేపాకు మొక్కలకు మంచి ఎరువు. చికిత్స నడుస్తున్న రోజుల్లో తీసిన ఉప్పునీటిని మాత్రం కుండీల్లో పోయకండి. జబ్బు చేప ఉన్న తొట్టి నీటిని పంట కాలువలోనో, ఇంటి వెనుక చేపల చెరువులోనో వంపకండి. మరుగుదొడ్డిలోనే పారబోయండి.